నాలుగో గడి

ఆ రోజు పదకొండు గంటల లోపు దర్జీ చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి, షాపుకు వెళ్లి బాగుచేసిన అక్క కళ్లజోడు తీసుకోవడం.
రెండు, తొమ్మిదింబావుకు ఆఫీసు మీటింగుకు హాజరవడం.
మూడు, కొత్త పెన్ను తీసుకుని రిజిస్టర్లో సంతకం పెట్టడం.
నాలుగు, హోటల్ ఏడో అంతస్తులో ఉన్న గాజుకన్ను అనే ముఠా నాయకుణ్ణి ప్రాణాలతో పట్టుకోవడం. కుదరకపోతే చంపడం.
ఐదు, అక్క కళ్లజోడు అక్కకు ఇవ్వడం.

అయిదో పని కింద రెండు గీతలు గీసుకున్నాడు. ఆయన అక్క ఇంటర్‌ప్రెటర్. అదే హోటల్ తొమ్మిదో అంతస్తు హాల్లో ఆ రోజు పదకొండు గంటలకు పన్నెండు దేశాలవాళ్లు యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు పెట్టబోతున్నారు. వాళ్ల మాటలు వీళ్లకు చేర్చే అద్దాల గదిలో అక్క కూర్చుంటుంది. తండ్రి కుట్టుమిషను మీదే ఒరిగిపోయాక ఈ తమ్ముణ్ణి చదివించి మనిషిని చేసింది ఆమే.

దర్జీ అన్నది డిపార్టుమెంటు పెట్టిన పేరు. ఎదుటివాడి కోటు లోపల తుపాకి ఏ వైపు ఉందో కుట్టు లాగిన తీరును బట్టి చెప్పేస్తాడు. తండ్రి వాడిన కత్తెర ఇప్పటికీ ఆయన కోటు లోపలి జేబులో ఉంటుంది.

మీటింగు గదిలో డిపార్టుమెంటు అధిపతి, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, మ్యాపు మీద వేలు పెట్టాడు.

"రైల్వే స్టేషన్. పార్సిల్ ఆఫీసు. నిన్న సాయంత్రం గాజుకన్ను అక్కడ ఒక బరువైన పెట్టె దింపాడు. పదకొండుకు పేలుతుంది. మన ఏజెంట్లు ముగ్గురు వేరు వేరు చోట్ల నుంచి చూశారు. ముగ్గురి రిపోర్టులూ నీలం సిరాలోనే ఉన్నాయి."

ఆ డిపార్టుమెంటులో రిపోర్టు రాయడానికి ఒక పద్ధతి ఉంది. ఫారంలో ప్రతి వాక్యం పక్కన మూడు గడులు ఉంటాయి. చూశాను, విన్నాను, ఊహించాను. చూసింది నీలం సిరాలో, విన్నది నలుపులో, ఊహించింది ఎరుపులో రాయాలి. ఆ పద్ధతి పెట్టింది టీచరమ్మ. ముప్పై ఏళ్లు కాలేజీలో తర్కం చెప్పి, రిటైరయ్యాక నిర్ధారణ విభాగానికి వచ్చింది. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆవిడ మొదటి పాఠం ఒకటే. "నువ్వు నమ్మింది నిజమైతే సరిపోదు నాయనా. ఎందుకు నమ్మావో కూడా చెప్పాలి. చెప్పలేకపోతే నీకు తెలిసినట్టు కాదు, లాటరీ తగిలినట్టు."

ఆ ముగ్గురిలో దర్జీ ఒకడు. 'బరువైన పెట్టె, చూశాను' అని స్వయంగా రాశాడు.

"ఇంకో ఫారం కూడా ఉంది" అంది టీచరమ్మ. "హోటల్ లిఫ్ట్ నడిపే ముసలాయనది, మనకు సమాచారం ఇస్తుంటాడు. రెండే వాక్యాలు రాశాడు. 'పెట్టె ఖాళీ. లిఫ్ట్ తేలికైంది.' మూడు గడులూ కొట్టేసి, పక్కన ఖాళీలో 'చేతికి తెలిసింది' అని రాశాడు."

గదంతా గొల్లున నవ్వింది.

"రేపు మోకాలికి తెలిసిందంటాడు" అన్నాడు పెద్దాయన. "ఏం చేశారు దాన్ని?"

"నాలుగో గడి లేదని తిప్పి పంపాను. కానీ..."

"మళ్లీ కానీ ఏంటి టీచరమ్మా?"

"అబద్ధమాడేవాడైతే హాయిగా నీలం గడి నింపేసేవాడు. ఇతను నింపలేదు. అదే గుచ్చుతోంది."

"గుచ్చనీయండి. బాంబు స్క్వాడ్ మొత్తం స్టేషన్‌కు బయల్దేరింది."

కిటికీ దగ్గర నిలబడ్డ ఆడమనిషి చిన్నగా నవ్వింది. బూడిద రంగు సిల్కు గౌను, చెవికి ఒకే ఒక్క ముత్యం. పేరు కూడా అదే, ముత్యం. రెండేళ్ల కిందట గాజుకన్ను ముఠాను వదిలి ఇటు వచ్చింది. అప్పట్నుంచి ఆమె ఇచ్చిన ఏ సమాచారమూ తప్పలేదు. తొమ్మిదో అంతస్తు హాలు భద్రత ఆ రోజు ఆమె చేతిలోనే ఉంది.

"జాగ్రత్త దర్జీ" అంది పక్కనుంచి వెళ్తూ. "నీ కోటుకు చిల్లు పడితే కుట్టేవాళ్లు కూడా లేరు."

స్టోర్ గుమాస్తా కొత్త పెన్ను ఇచ్చాడు. నీలం, నలుపు, ఎరుపు, మూడు మీటలు. పక్కన ఆకుపచ్చది నాలుగోది.

"ఆకుపచ్చ నొక్కితే రాయదండి" అన్నాడు గుమాస్తా. "ఒకే ఒక్క తూటా. దగ్గర్నుంచైతేనే పనిచేస్తుంది. ఇక్కడ సంతకం పెట్టండి."

*

పది గంటల నలభై నిమిషాలు. హోటల్ వెనక వాకిలి నుంచి దర్జీ లిఫ్ట్ దగ్గరికి వచ్చాడు. పాతకాలపు లిఫ్ట్. ముడిచి తెరిచే ఇనప జాలీ తలుపు, లోపల ఒక స్టూలు, గోడకు ఇత్తడి పిడి. అరిచెయ్యి రాసుకుని రాసుకుని ఆ పిడి ఒక వైపు పల్చబడింది. పిడి దగ్గర సన్నటి ముసలాయన నిలబడి ఉన్నాడు. అందరికీ ఆయన లిఫ్ట్ బాబాయ్.

"ఏ అంతస్తు బాబూ?"

"లెక్క తప్పని అంతస్తు."

"అయితే ఏడు." కోడ్ సరిపోయింది. ముసలాయన జాలీ లాగి పిడి తిప్పాడు. "నా ఫారం తిప్పి పంపారు బాబూ."

"గడి లేదట బాబాయ్. చూశాను అని రాసేస్తే పోయేది కదా!"

"పెట్టెకు తాళం ఉంది. తెరిచి చూడలేదు. చూడనిది చూశానని ఎలా రాస్తాను?" ముసలాయనకు కాస్త కోపం వచ్చింది. "కళ్లు మూసుకోండి. నా చెయ్యి మీద చెయ్యి వెయ్యండి. అంతస్తు దాటినప్పుడల్లా పిడి సన్నగా జలదరిస్తుంది. తెలుస్తోందా?"

మొదట ఏమీ తెలియలేదు. తర్వాత నాడి దొరికినట్టు దొరికింది. మూడు. నాలుగు.

"తెలుస్తోంది."

"ఆపాలంటే జలదరింపు రాకముందే వదలాలి. ఎంత ముందంటే చెప్పలేను. ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్నాను, మాటల్లో పెట్టడం మాత్రం రాలేదు. గడపకు సమంగా ఆగితేనే జాలీ తాళం వదులుతుంది. వేలెడు తేడా వచ్చినా లోపలున్నవాళ్లు లోపలే. ఇప్పుడు వినండి. మొన్న పొద్దున ఆ ఒంటికన్నాయన పెట్టెతో ఎక్కాడు. లిఫ్ట్ గడపకు రెండు వేళ్లు కుంగింది. నిన్న అదే పెట్టెతో దిగాడు. ఈక పెట్టినట్టే ఉంది. మూలుగు మాత్రం భలేగా మూలిగాడు."

"మరి లిఫ్ట్ తేలికవడం?"

"మొన్న సాయంత్రం ఎవరో మెకానిక్కట, నన్ను రెండు గంటలు బయట కూర్చోబెట్టాడు. అప్పట్నుంచి ఇది పైకి పరుగెడుతోంది. జానెడు ముందే వదలాల్సొస్తోంది."

"ఎందుకలాగ?"

"అది నాకు తెలీదు బాబూ. తెలీదు కాబట్టి రాయలేదు."

దర్జీ కళ్లు మూసుకునే ఉన్నాడు. కళ్ల ముందు నిన్నటి స్టేషన్ నిలిచింది. గాజుకన్ను కుడి చేతిలో పెట్టె. నుదుటి మీద చెమట. తడబడే నడక. నిజంగా బరువు మోసేవాడి కోటు కాలరు ఆ వైపుకు జారుతుంది, మెడ వెనక కుట్టు లాగుతుంది. గాజుకన్ను కాలరు ఇస్త్రీ చేసినట్టు నిటారుగా ఉంది. అది దర్జీ కంట్లో పడింది. బుర్రలోకి ఎక్కలేదు. పెట్టె బరువుగా ఉంటుందని ముందే నమ్మి వెళ్లాడు, బరువే చూసి వచ్చాడు.

"బాబాయ్, తప్పు రాసింది నువ్వు కాదు. నేను."

"ఏడు" అన్నాడు ముసలాయన. లిఫ్ట్ గడపకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. ఆయన ముందుకు వంగి జాలీ తెరిచాడు.

రెండు తూటాలు వచ్చాయి. రెండూ ముసలాయన ఛాతీలోకే దిగాయి. ఆయన వెనక్కి పడుతూ పడుతూ పిడిని పట్టుకున్నాడు. "పెద్దగా అనకండి బాబూ... హాల్లో మీటింగు..." అన్నాడు. అంతే, ప్రాణం పోయింది.

వరండా చివర గాజుకన్ను. ఎవరో ముందే చెప్పినట్టు కాచుకుని ఉన్నాడు. మూడో తూటా దర్జీ చెవి తమ్మెను చీల్చుకుపోయింది. దర్జీ నేల మీద దొర్లుతూనే కాల్చాడు. గాజుకన్ను మోకాలు పగిలింది. కుంటుకుంటూనే గదిలోకి దూరాడు. వెనకే దూకిన దర్జీ మణికట్టు మీద కుర్చీ కాలు పడింది. తుపాకి మంచం కిందికి జారిపోయింది. ఇద్దరూ బాత్రూం తలుపు విరగ్గొట్టుకుని వాష్ బేసిన్ మీద పడ్డారు. గాజుకన్ను రెండు బొటనవేళ్లూ దర్జీ గొంతు మీద బిగిశాయి. దర్జీ వాడి తలను కుళాయి మీద ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు మోదాడు. గాజు కన్ను ఊడి నేల మీద టకటకా దొర్లింది. చేతులు వదల్లేదు. ఊపిరి ఆగిపోతుండగా దర్జీ తండ్రి కత్తెర లాగి పక్కటెముకల కింద దించాడు. పిడి దాకా దించి, తిప్పాడు.

గాజుకన్ను నోట్లోంచి నెత్తురుతో పాటు నవ్వు వచ్చింది.

"అందర్నీ... స్టేషన్‌కే పంపారా?" అన్నాడు. ఆ నవ్వుతోనే పోయాడు. కత్తెర లాగబోతే రాలేదు.

వాడి చొక్కా కఫ్ కుట్టుల్లో నల్లటి గ్రీజు కనిపించింది. చేతులు కడుక్కున్నా కుట్టులోది పోదు. హోటల్లో అంత గ్రీజు ఉండేది ఒక్కచోటే, లిఫ్ట్ బావిలో.

గదిలో ఫోన్ ఉంది. అవతల టీచరమ్మ.

"పెట్టె ఖాళీయే టీచరమ్మా. బాబాయ్ చెప్పింది నిజం. ఆయన్ని చంపేశారు."

టీచరమ్మ తరగతి గదిలో అడిగినట్టే అడిగింది. "నిన్న స్టేషన్‌కు వెళ్లమని నీకు చెప్పిందెవరు?"

"ముత్యం. గాజుకన్ను బరువైన పెట్టెతో వస్తాడని."

"మిగతా ఇద్దరినీ ఇప్పుడే అడిగాను. వాళ్లకీ ఆవిడే చెప్పిందట. ముగ్గురు చూశారని లెక్కపెట్టుకున్నాం నాయనా. ఒక్కరు చూపించింది ముగ్గురు చూశారు. మూడు రిపోర్టులు కావవి, ఒకటే. లిఫ్ట్ సంగతి చెప్పు."

"పైకి పరుగెడుతోందట. లిఫ్ట్ తేలికవలేదు టీచరమ్మా. తాడుకు అవతలి కొసన దానికి తూకంగా ఇనప దిమ్మ వేలాడుతుంది కదా, అది బరువెక్కింది. పెట్టెలో సరుకంతా దానికి కట్టారు."

"లిఫ్ట్ కిందికి దిగితే ఆ దిమ్మ ఎక్కడికి వెళ్తుంది?"

"పైకి. తొమ్మిదో అంతస్తుకు. హాలు గోడ పక్కకు." అక్క అద్దాల గది ఆ గోడకు ఆనుకునే ఉంది.

"హాలు ఫోన్లు తీసేశారు, తలుపులకు బయట తాళం. తాళంచెవి ముత్యం దగ్గరే. స్క్వాడ్ రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఇప్పుడు పది నలభై తొమ్మిది."

"లిఫ్ట్ పైన ఉంటే దిమ్మ అడుగున గోతిలో ఉంటుంది. కింద బేస్‌మెంటు ఖాళీ చేయించండి. పైది నేను చూస్తాను."

"నాయనా" అంది టీచరమ్మ. "ఆయన ఫారం నకలు నా బల్ల మీదే ఉంది."

దర్జీ మంచం కిందినుంచి తుపాకి తీసుకుని లిఫ్ట్ దగ్గరికి పరుగెత్తాడు. ముసలాయన్ని లేపి ఆయన స్టూలు మీద కూర్చోబెట్టాడు. పిడి మీద చెయ్యి వేశాడో లేదో గంట మోగింది. తొమ్మిదో అంతస్తు నుంచి ఎవరో లిఫ్ట్ పిలుస్తున్నారు.

రెండు అంతస్తుల దూరమే అయినా దర్జీ మూడుసార్లు ఎక్కువ తక్కువలు సర్దాల్సి వచ్చింది. నాలుగోసారికి తాళం వదిలింది. జాలీ తెరుచుకోగానే తుపాకి గొట్టం నుదుటికి తగిలింది.

"ఏంటి, డ్యూటీ మారిందా?" అంది ముత్యం. లోపలికి వచ్చి, దర్జీ తుపాకి లాక్కుని, స్టూలు వైపు చూసింది. "అయ్యో, ముసలాయన! పాపం, ఎప్పుడూ గౌను అంచు జాలీలో పడకుండా చూసేవాడు. ఊ, కిందికి పోనీ. నాలుగు నిమిషాలే ఉంది."

దర్జీ పిడి తిప్పాడు. జాలీ అవతల నుంచి అంతస్తులు పైకి వెళ్లిపోతున్నాయి. ఎక్కడో గోడ వెనక బరువైనది ఒకటి ఎక్కుతోంది. ఎనిమిది. ఏడు.

"అక్క ఉంది ఆ హాల్లో."

"తెలుసు. నేనే కూర్చోబెట్టాను. గోడ పక్కన వినికిడి బాగుంటుందన్నాను, థాంక్యూ అంది." ఆరు. "తిట్టాలనుంటే తిట్టు దర్జీ. నువ్వు నన్ను ఏమీ చేయలేవు."

"ఎలా తెలుసు?"

"చూస్తున్నాగా! తుపాకి నా దగ్గరుంది. నీ జేబులో పెన్ను తప్ప ఏమీ లేదు."

"అది మాత్రం బాగా చూశావు" అంటూ దర్జీ పెన్ను తీసి ఆకుపచ్చ మీట నొక్కాడు.

తూటా ఆమె దవడ కింద దూరింది. ఆమె వేళ్లు కూడా బిగుసుకున్నాయి. ఒక తూటా దర్జీ ఎడమ అరచేతిని చీల్చింది, ఇంకొకటి బల్బును పగలగొట్టింది. ఆ చీకట్లో ఆమె గోళ్లు ఆయన ముఖం మీదికి వచ్చాయి. కనుబొమ చీలి కళ్లలోకి నెత్తురు దిగింది. దర్జీ మోచేత్తో ఆమె గొంతు మీద కొట్టాడు. ఏదో విరిగింది. మళ్లీ కొట్టాడు. గోళ్లు జారిపోయాయి. ఆమె నడుముకు ఉన్న తాళంచెవి తెంపుకుని జేబులో వేసుకున్నాడు.

పిడి వెతుక్కుని పైకి తిప్పాడు. ఎన్నో అంతస్తో తెలియదు. కళ్ల నిండా నెత్తురు, చెవుల్లో తూటాల హోరు. చూసేది లేదు, వినేది లేదు. మొండిగా నడిపితే పైకి చేరవచ్చు. గడపకు సమంగా ఆగకపోతే మాత్రం తలుపు తెరుచుకోదు, కింద దిమ్మ పేలి తాళ్లు తెగితే లిఫ్టుతో పాటు తనూ పోతాడు.

అరిచెయ్యి పిడి మీద అరిగిన చోట పెట్టాడు. ముసలాయన చెయ్యి ముప్పై ఒక్క ఏళ్లు ఉన్న చోటు అది. జలదరింపు వచ్చింది. ఇంకొకటి. దిగేటప్పుడు ఆరు దాటడం చూశాడు, ఆ తర్వాత మాట్లాడుతుండగా ఇంకొకటి. అయిదు నుంచి బయల్దేరాడు. అంటే ఇది ఏడు. ఎనిమిది. జానెడు ముందే వదలాలి. జానెడంటే ఎంతో అడిగి తెలుసుకునే మనిషి స్టూలు మీద నెత్తురోడుతూ ఉన్నాడు.

ఎందుకు అప్పుడే వదిలాడో దర్జీ ఇప్పటికీ చెప్పలేడు. చెయ్యి వదిలింది.

లిఫ్ట్ ఎగబాకి, ఊగి, ఆగింది. జాలీ లాగాడు. టక్‌మని తాళం వదిలింది.

కళ్లు తుడుచుకుని చూస్తే గోడ గడియారం పది యాభై తొమ్మిది దాటి నలభై సెకన్లు చూపిస్తోంది. దర్జీ గడప దాటాడు. మళ్లీ లోపలికి వెళ్లాడు. ముసలాయన్ని చంక కింద పట్టి, పనిచేసే ఒక్క చేత్తోనూ పళ్లతోనూ కాలరు లాగి, బయటికి ఈడ్చాడు. ఆయన చెప్పులు గడప దాటాయి.

అడుగున భూమి గర్జించింది. బావిలోంచి దుమ్ము, మంట, ఇనప ముక్కలు పైకి లేచాయి. తాళ్లు తెగి కొరడాల్లా గోడలను కొట్టాయి. లిఫ్ట్ పడిపోయింది. ముత్యం కోరుకున్నట్టే కిందికి వెళ్లింది, ఎక్కడా ఆగకుండా.

హాలు తాళం తీశాడు. పై కప్పు సున్నం రాలి అందరూ తెల్లబడి బల్లల కింద ఉన్నారు. గోడ నిలిచే ఉంది. అద్దాల గదిలో అక్క ఒక్కతే మైకు ముందు కూర్చుని, ఎవరో పెద్దమనిషి పెట్టిన కేకను వరసగా మూడు భాషల్లోకి మారుస్తోంది.

"నువ్వేనా? ఏమైందిరా?" అంది అలికిడి విని.

"ఏం కనిపించలేదా అక్కా?"

"కళ్లజోడు లేకుండా నాకేం కనిపిస్తుంది? పది గంటలకల్లా తెస్తానన్నావు."

ఇచ్చాడు. ఒక అద్దం పగిలింది. రెండో అద్దంలోంచి ఆమె తమ్ముడి ముఖాన్నీ చేతినీ చూసింది. మైకు ఆపేసి, చీర చెంగు చింపి ఆ చేతికి కట్టింది.

సంతకాలు పదకొండు నలభైకి జరిగాయి.

*

మర్నాడు దర్జీ ముందు తన పాత రిపోర్టు తెప్పించుకున్నాడు. 'బరువైన పెట్టె' పక్కన ఉన్న నీలం గీత కొట్టేసి, 'ఊహించాను' అని ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాడు. తర్వాత కొత్తది మొదలుపెట్టాడు. 'తొమ్మిదో అంతస్తు గడపకు సమంగా లిఫ్ట్ ఆపాను' అన్న వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఏ గడి నింపాలో తెలియలేదు.

టీచరమ్మ ఫారం తన వైపు లాక్కుంది. స్కేలు పెట్టి నాలుగో గడి గీసింది. గీత కొంచెం వంకర వచ్చింది. అలాగే ఉంచింది. సొరుగులోంచి తిప్పి పంపిన ఫారం నకలు తీసి, దానికి కూడా గీసి, 'నిర్ధారణ అయినది' అని ముద్ర వేసింది.

స్టోర్ గుమాస్తా మాత్రం వాడేసిన తూటాకు లెక్క ఏ గడిలో చూపించాలని వారం పాటు అందరినీ అడుగుతూ తిరిగాడు.

ఇది చదివిన మీరు ఎప్పుడైనా లిఫ్ట్ ఎక్కుతారు. అది గడపకు సమంగా ఆగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, మీ ధ్యాసలో మీరు దిగిపోతారు. ఆ దిగేటప్పుడు ఒక్కసారి, చూడనిది చూశానని రాయని ఆ లిఫ్ట్ బాబాయిని గుర్తు చేసుకోండి.